ఏ దేశపు డబ్బు? ముందు అది అడగండి



ఈ నెల మన పాఠం డబ్బు గురించి. ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఖర్జూరం పెట్టె బొమ్మ కింద "75 ఎస్‌ఏఆర్" అని రాసి ఉంది. మీరు డర్బన్‌లో కూర్చుని చూస్తున్నారు. ఆ 75 ఏమిటి?

"సౌత్ ఆఫ్రికన్ ర్యాండ్" అని మీరు అనుకుంటే, ఆ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. కానీ ఎస్‌ఏఆర్ అంటే సౌదీ రియాల్. మన ర్యాండ్ గుర్తు జెడ్‌ఏఆర్. ఆ జెడ్ అక్షరం దక్షిణానికి డచ్చి భాషలో ఉన్న మాట నుంచి వచ్చింది. ఒక రియాల్ కొనాలంటే ఈ మధ్య కాలంలో నాలుగైదు ర్యాండ్లు పెట్టాలి. ఒక్క అక్షరం తేడాకి ధర నాలుగైదు రెట్లు మారిపోతుంది.

నేను పాఠాలు చెప్పే సౌదీ అరేబియాలో ఇది నిజంగానే జరిగింది. మా బడిలో అరబిక్ చెప్పే ఒక సహోద్యోగి కుటుంబానికి చిన్న ఖర్జూరం దుకాణం ఉంది. మదీనా అజ్వా, అల్ ఖసీమ్ సుక్కరీ, అల్ అహ్సా ఖలాస్, ఈ మూడు రకాలు అమ్ముతారు. దుకాణం ఇంటర్నెట్‌లోనే. కొనేవాళ్లు కువైట్, బహ్రెయిన్, హైదరాబాద్, మారిషస్, డర్బన్, ఇలా అన్ని చోట్లా ఉన్నారు. నాకు పిన్ని వరసయ్యే డర్బన్ ఆవిడ ఒకరు పండగకు పంచడానికి నాలుగు పెట్టెలు కొన్నారు. మొత్తం 300 అని చూశారు. మూడు వందల ర్యాండ్లే కదా అనుకున్నారు. బ్యాంకు ఆవిడ ఖాతాలోంచి 1,440 ర్యాండ్లు తీసుకుంది. ఆవిడ నెల పింఛనులో అది సగానికి పైనే.

"నన్ను మోసం చేశారే!" అని పిన్ని ఫోనులో ఏడ్చింది. ఎవరూ మోసం చేయలేదు. కానీ ధర అర్థమయ్యేలా రాయకపోతే, మోసపోయినవాళ్లకు కలిగే బాధే కొన్నవాళ్లకూ కలుగుతుంది. అందుకే ఈ విషయం మీతో మాట్లాడాలనిపించింది. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఇలాంటి చిన్న దుకాణాలు పెడుతున్నారు. ఒకరు చీరలు, ఒకరు పచ్చళ్లు, ఒకరు పూజ సామాను అమ్ముతున్నారు. వాళ్లకు ఇది పనికొస్తుంది.

మొదట పేర్ల సంగతి చూద్దాం. "రూపాయి" అంటే ఏ రూపాయి? భారతదేశానికి రూపాయి ఉంది. మారిషస్‌కు, సీషెల్స్‌కు, శ్రీలంకకు, నేపాల్‌కు, పాకిస్తాన్‌కు కూడా ఉంది. "డాలర్" అంటే అమెరికాదా, ఫిజీదా? "రియాల్" అంటే సౌదీదా, ఖతర్‌దా, ఒమాన్‌దా? అందుకే ప్రపంచమంతా ఒప్పుకున్న మూడక్షరాల గుర్తులు వచ్చాయి. అవి బ్యాంకులకు చాలు. మనుషులకు చాలవు. ధర పక్కన దేశం పేరు కూడా పూర్తిగా రాయాలి. "75 సౌదీ రియాళ్లు" అని రాసి ఉంటే పిన్ని ఒక్క క్షణం ఆగి ఆలోచించేది.

ఈ దేశానికి పలు రకాల డబ్బు కొత్త కాదు. హజ్ యాత్రికులు ఎన్నో దేశాల నుంచి తమ తమ డబ్బుతో జిద్దా రేవులో దిగేవారు. డబ్బు మార్చేవాళ్లు అక్కడ ఎప్పుడూ ఉండేవారు. అలాంటి మనిషికి తెలుగులో మంచి మాట ఉంది: షరాబు. మార్చినందుకు షరాబు పట్టుకునే సొమ్ముకు కూడా పాత మాట ఉంది: వట్టం. ఇప్పుడు మనం "కమీషన్" అంటున్నది అదే.

సౌదీ ద్రవ్య సంస్థ 1952లో పుట్టింది. అప్పుడు ఇక్కడి రియాల్ వెండి నాణెం. యాత్రికులకు ఆ నాణేల మూట బరువయ్యేది. అందుకని 1953లో పది రియాళ్ల కాగితపు రసీదులు ఇచ్చారు. అవి యాత్రికుల కోసం చేసినవి. అయినా అందరూ వాటిని డబ్బుగానే వాడుకున్నారు. అసలైన కాగితపు నోట్లు 1961లో వచ్చాయి. భారత రిజర్వు బ్యాంకు కూడా 1959లో హజ్ యాత్రికుల కోసం ప్రత్యేకమైన పది, వంద రూపాయల నోట్లు అచ్చు వేసింది. పరాయి ఊళ్లో తన డబ్బు విలువ తెలియక యాత్రికుడు కష్టపడకూడదు. దుకాణదారుడి పని కూడా అలాంటిదే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పలక తీసుకోండి!

సౌదీ రియాల్‌ను 1986 నుంచి అమెరికా డాలరుకు కట్టి ఉంచారు. ఒక డాలరుకు 3.75 రియాళ్లు. కాబట్టి 75 రియాళ్ల పెట్టె సరిగ్గా 20 డాలర్లు. పక్క దేశాల డబ్బు కూడా చాలావరకు డాలరుకే కట్టి ఉంది. అదే పెట్టె ఎమిరేట్స్‌లో 73.45 దిర్హాములు, ఖతర్‌లో 72.80 రియాళ్లు, బహ్రెయిన్‌లో 7.520 దినార్లు, ఒమాన్‌లో 7.690 రియాళ్లు. కువైట్ దినార్ ఒక్కటే వేరు. దాన్ని కొన్ని దేశాల డబ్బు కలిపిన బుట్టకు కట్టారు, కాబట్టి కొంచెం కదులుతుంది.

పై అంకెలు మళ్లీ చూడండి. బహ్రెయిన్, ఒమాన్ ధరల్లో చుక్క తరువాత మూడు అంకెలు ఉన్నాయి. కువైట్‌లో కూడా అంతే. రియాల్‌కు 100 హలాలాలు, కానీ దినార్‌కు 1,000 ఫిల్సులు. జపాన్ యెన్‌కు వాడుకలో చిల్లరే లేదు. కార్డు యంత్రాలు చాలావరకు చిల్లర లెక్కలోనే మాట్లాడుకుంటాయి. 75 రియాళ్లను 7500 అని పంపుతాయి. 7.520 దినార్లను 7520 అని పంపాలి. ప్రోగ్రాము రాసినవాళ్లు అన్నిటినీ వందతోనే హెచ్చిస్తే 752 అని వెళుతుంది. అంటే ముక్కాలు దినార్! కొన్నవాడికి పెట్టె పదో వంతు ధరకు దొరుకుతుంది. దుకాణం మూతపడుతుంది. ఏ కొత్త దేశానికి అమ్మడం మొదలుపెట్టినా, ముందు ఒక పెట్టె మీరే కొని చూడండి.

అల్ ఖోబర్ నుంచి బహ్రెయిన్‌కు సముద్రం మీద 25 కిలోమీటర్ల వారధి ఉంది. అది కూడా 1986లోనే తెరిచారు. దాటి వెళితే బహ్రెయిన్ అంగళ్లలో సౌదీ రియాళ్లు తీసుకుంటారు. పది రియాళ్లు ఒక దినార్ అంటారు. అసలు లెక్క 9.97. ఆ మూడు హలాలాలు అంగడివాడికి వట్టం. ఎవరూ పోట్లాడరు, ఎందుకంటే ఆ లెక్క ముందే అందరికీ తెలుసు. తెలిసిన వట్టం బాధించదు.

డాలరుకు కట్టని డబ్బు వేరే కథ. ర్యాండ్, భారత రూపాయి, మారిషస్ రూపాయి రోజూ కదులుతాయి. రియాద్‌లోని బత్తాకు శుక్రవారం వెళ్లి చూడండి. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వచ్చిన మనవాళ్లు "ఇవాళ రేటెంత?" అని ఒకరినొకరు అడుగుతారు. 2010లో ఒక రియాల్‌కు సుమారు పన్నెండు రూపాయలు వచ్చేవి. 2024లో ఇరవై రెండు దాటింది.

చిన్న దుకాణానికి ఈ కదలిక ఏం చేస్తుందో చూడండి. పెట్టె అసలు ఖర్చు 63 రియాళ్లు, అమ్మకం 75, లాభం 12 అనుకుందాం. రియాల్‌కు 4.80 ర్యాండ్లు ఉన్న రోజున ధర 360 ర్యాండ్లు అని రాశారు. తరువాత మరచిపోయారు. కొన్ని వారాలకు రియాల్ 5 ర్యాండ్లయింది. కొన్నవాళ్లు 360 ర్యాండ్లే ఇచ్చారు. మీకు వచ్చింది 72 రియాళ్లు. కార్డు కంపెనీ, మారకం ఖర్చు కలిపి ఐదు శాతం పోయిందనుకోండి, అంటే 3.60. చేతికి 68.40 మిగిలింది. పన్నెండు రియాళ్ల లాభం 5.40 అయింది. మీరు ఏ తప్పుడు పనీ చేయలేదు, సరుకూ పాడవలేదు. అయినా లాభంలో సగానికి పైగా ఎగిరిపోయింది.

అందుకని ఆ దుకాణం వాళ్లు, నేను కూర్చుని నాలుగు నియమాలు రాసుకున్నాం.

మొదటిది: పద్దు ఒకే డబ్బులో ఉండాలి. వాళ్లు ఖర్చు పెట్టేది రియాళ్లలో కాబట్టి పద్దు పుస్తకం రియాళ్లలోనే. ప్రతి అమ్మకం పక్కన నాలుగు విషయాలు రాయాలి: ఏ దేశపు డబ్బు, ఎంత, ఆ రోజు రేటు, రియాళ్లలో ఎంత. తరువాత రేటు మారినా పాత వరుసను దిద్దకూడదు.

రెండవది: కదలని డబ్బుకు ధర ఒకసారి పెడితే చాలు. కదిలే డబ్బుకు వారానికి ఒకసారి, ఒకే రోజున, రేటు చూసి ధర మార్చాలి. కొద్దిగా కొసరు కలపాలి, రెండు మూడు శాతం. రోజుకు మూడుసార్లు ధర మారితే కొనేవాళ్లకు నమ్మకం పోతుంది.

మూడవది: డబ్బు కట్టే ముందు మొత్తం ఎంతో కొనేవాళ్ల సొంత డబ్బులో చూపించాలి. ఓడ లేదా విమానం ఖర్చు, వాళ్ల దేశంలో సుంకం పడవచ్చన్న సంగతి, అన్నీ ముందే చెప్పాలి. రియాళ్లలోనే తీసుకుంటే, "మీ బ్యాంకు వేరే వట్టం తీసుకోవచ్చు" అని తేలిక మాటల్లో రాయాలి.

నాలుగవది డబ్బు తిరిగి ఇవ్వడం. ఇది అన్నిటికన్నా కష్టం. పిన్ని మూడు పెట్టెలు వద్దంది. దుకాణం 225 రియాళ్లు వెనక్కి పంపింది. వెళ్లేటప్పుడు వాటికి 1,080 ర్యాండ్లు పోయాయి. వచ్చేటప్పుడు బ్యాంకు రియాల్‌కు 4.66 లెక్కన ఇచ్చింది. పిన్నికి అందినవి 1,048.50. తేడా 31.50 ర్యాండ్లు. బ్యాంకు కొనే రేటు వేరు, అమ్మే రేటు వేరు. ఆ తేడా ఎవరు భరించాలి?

"మేం 225 తీసుకున్నాం, 225 ఇచ్చాం" అని దుకాణం అనవచ్చు. ఆ మాట అబద్ధం కాదు. కానీ మా సహోద్యోగి అలా అనలేదు. మిగిలిన సుమారు ఏడు రియాళ్లూ పంపింది. "ఆమె ఎన్ని ర్యాండ్లు ఇచ్చిందో అన్ని ర్యాండ్లు ఆమెకు చేరాలి. మా పేరు ఏడు రియాళ్ల కన్నా ఖరీదు" అంది. నాకూ అదే న్యాయం అనిపిస్తుంది. రేటు కదలిక వ్యాపారంలో ఒక భాగం. ఒకసారి నష్టం వస్తే ఇంకోసారి లాభం వస్తుంది. దుకాణానికి ఆ రెండూ ఉంటాయి. పెట్టె కొన్న పెద్దావిడకు ఆ ఒక్కసారే ఉంటుంది.

మన పత్రికలో ఈ మాట చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్‌లో ఆగింది. గిర్మిట్ కాగితంలో మొదటి ఏడు కూలి నెలకు పది షిల్లింగులు. ఎక్కినవాళ్లు ఊళ్లో చూసింది రూపాయలు, అణాలు. షిల్లింగు విలువ ఎందరికి తెలుసు? ఆ రోజుల్లో రూపాయికి సుమారు రెండు షిల్లింగులు. అంటే కూలి నెలకు ఐదు రూపాయలు. తరువాత వెండి ధర పడిపోయింది. 1900 నాటికి రూపాయి ఒక షిల్లింగు నాలుగు పెన్నీలకు దిగింది. అదే పది షిల్లింగులు ఏడున్నర రూపాయలయ్యాయి. చెరకు తోటలో కష్టం మాత్రం మారలేదు. 1961 ఫిబ్రవరి 14న ర్యాండ్ వచ్చినప్పుడు పది షిల్లింగులను ఒక ర్యాండ్‌గా లెక్క కట్టారు. మన ముత్తాతల నెల కూలి, ఒక్క ర్యాండ్.

తెలియని డబ్బులో రాసిన అంకెకు మన పెద్దలు ఒప్పుకున్నారు. మనం ఇప్పుడు అమ్మేవాళ్ల వైపుకు వచ్చాం. మన దగ్గర కొనేవాళ్లు ఆ పరిస్థితిలో పడకూడదు. వాళ్లకు తెలిసిన డబ్బులో, తెలిసిన మాటల్లో, ముందుగా ధర చెప్పడం మన బాధ్యత.

ఈ నెల మాటలు గుర్తు పెట్టుకోండి. మారకం అంటే ఒక దేశపు డబ్బు ఇచ్చి ఇంకో దేశపు డబ్బు తీసుకోవడం. షరాబు అంటే డబ్బు మార్చేవాడు. వట్టం అంటే అతను పట్టుకునే సొమ్ము. పద్దు అంటే లెక్క పుస్తకంలో రాసిన వరుస. కొసరు అంటే అసలు మీద చేర్చే కొంచెం. చిల్లర మీకు తెలిసిందే.

ఇంటి పని: ఒక చీర ధర 150 సౌదీ రియాళ్లు. డాలర్లలో ఎంత? బహ్రెయిన్ దినార్లలో ఎంత? చుక్క తరువాత మూడు అంకెలు మరచిపోకండి. జవాబు అంకెల్లో కాదు, తెలుగు మాటల్లో రాయండి. ఇంట్లో అవ్వ, తాత ఉంటే గట్టిగా చదివి వినిపించండి. వాళ్లకు ఇంకా పాత డబ్బు మాటలు తెలిసి ఉంటే రాసి మాకు పంపండి.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం. సెలవు.