63–3: ఈ ఓటమి ఎవరిది?

కొన్ని ఓటములు మైదానములో నిర్ణయము కావు. అంతకు ముందే ఎంపిక సంఘముల సమావేశములో నిర్ణయమవుతాయి. 2023 డిసెంబరు 30వ తేదీన అమెరికాలోని మయామీ నగర సమీపమున జరిగిన ఆరెంజ్ బౌల్ పోటీ అటువంటిదని మా అభిప్రాయము. అందులో జార్జియా విశ్వవిద్యాలయము 63 పాయింట్లు, ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయము 3 పాయింట్లు సాధించినవి. బౌల్ పోటీల చరిత్రలో అంతవరకు అంతటి వ్యత్యాసము లేదు.

అమెరికనుల ఫుట్‌బాల్ మనము ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, విసరుతూ ఆడే ఆట అది. కళాశాలల పోటీలు ముగిసిన పిదప, నూతన సంవత్సరపు రోజులలో, జట్లను ఆహ్వానించి జరిపే ప్రత్యేక పోటీలకు బౌల్ ఆటలని పేరు. ఆ సంప్రదాయము ఆరంభమైనదే ఏకపక్షముగా. 1902లో పాసడీనా పట్టణమున మిషిగన్ జట్టు స్టాన్‌ఫర్డ్‌ను 49–0తో ఓడించినది. ఎనిమిది నిమిషములు మిగిలియుండగానే స్టాన్‌ఫర్డ్ ఆట చాలించుకొన్నది. 1916 వరకు అక్కడ ఆ పోటీ మరల జరుగలేదు.

అది కేవలము బలాబలముల తారతమ్యము. 2023 నాటి సంగతి వేరు. ఫ్లోరిడా స్టేట్ ఆడిన 13 పోటీలలోను గెలిచిన జట్టు. అయినను జాతీయ విజేతను తేల్చే నాలుగు జట్లలో దానికి చోటు దక్కలేదు. నవంబరు 18న దాని ప్రధాన ఆటగాడు జోర్డన్ ట్రావిస్ కాలికి తీవ్రమైన గాయమైనది. అతడు లేని జట్టు మునుపటి జట్టు కాదని 13 మంది సభ్యుల ఎంపిక సంఘము తలచినది. అతడు లేకుండగనే మరి రెండు పోటీలు గెలిచినను ఆ గెలుపులు లెక్కకు రాలేదు. ఒక్కొక్క ఓటమి గల టెక్సస్, అలబామా జట్లు ఎంపికైనవి.

ఆశ ఉడిగిన జట్టు చెదరిపోయినది. వృత్తి క్రీడలోనికి పోదలచినవారు, వేరు విశ్వవిద్యాలయములకు మారదలచినవారు, గాయపడినవారు కలిసి ఇరువది మందికి పైగా ఆరెంజ్ బౌల్‌లో ఆడలేదు. మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు జట్టును నడిపినాడు. సగము ఆటకే 42–3. ఈ పరిస్థితిని సరిదిద్దవలెనని గెలిచిన జట్టు శిక్షకుడు కర్బీ స్మార్టే అన్నాడు.

ఈ ఫలితము ఎంపిక సంఘము అంచనాను నిజము చేసినదని కొందరు వాదించినారు. మేము అంగీకరింపజాలము. పదమూడు విజయములు సాధించిన జట్టు ఆనాడు మైదానములో లేదు; దానిని చెదరగొట్టినది ఆ నిర్ణయమే. ఒక తీర్పు తాను కలిగించిన ఫలితమునే తనకు సాక్ష్యముగా చూపుట న్యాయము కాదు. వెళ్ళిపోయినవారిని నిందించుటకు కూడ మాకు మనసొప్పదు. ఒక్క గాయముతో జీవనోపాధి పోగలదని వారు కన్నులారా చూచినవారు.

2024 నుండి జట్ల సంఖ్యను పన్నెండుకు పెంచినారు. అది మేలే. కాని ఎన్ని స్థానములున్నను, చేసి చూపినదానికంటె చేయగలడో లేదో అన్న ఊహకు విలువ ఎక్కువైన చోట ఈ అన్యాయము మరల తలయెత్తుతుంది.

క్రీడలకైనను, బహుమతులకైనను ఎంపిక చేసే పెద్దలకు మా మనవి ఒక్కటే: నియమములను ముందుగా చెప్పండి, సాధించినదానిని తూచండి. విద్యార్థి మిత్రులకు మరొక మాట. అన్యాయమును ప్రశ్నించుట మన హక్కు. అయితే ఓటమి తప్పదని తెలిసియు కళాశాల దుస్తులు ధరించి కడవరకు నిలిచి ఆడినవారిని మరువరాదు. ఆ 63–3 వారి అసమర్థతకు కొలత కాదు. ఆనాడు ఓడినది పెద్దల తీర్పే అని మేము విశ్వసిస్తున్నాము.