లోపించిన ప్రత్యయమునకు సాక్షి

వ్రాఁతకెక్కని ఆదికెల్టిక్ భాషకు విశేషణరూపములను పునర్నిర్మించుట గాలిమేడలు కట్టుటయే యని కొందఱు పరిహసింతురు. ఈ పరిహాసమును మే మంగీకరింపజాలము. వెల్ష్ భాషలో ‘తెల్లని’ యను విశేషణము పుంలింగమున ‘గ్విన్’, స్త్రీలింగమున ‘గ్వెన్’ అగుచున్నది. ఈ భేద మెక్కడిది? ఆదిభాషలో నవి ‘విందొస్’, ‘విందా’ యని శాస్త్రజ్ఞుల నిర్ణయము. స్త్రీలింగపు తుది ఆకారము, తాను నశింపకమునుపే, పైనున్న ఇకారమును ఎకారముగా మార్చిపోయినది. ప్రాచీన ఐరిష్ ‘ఫిన్ద్’, వియెన్నా నగరపు పూర్వనామమగు ‘విందొబోనా’ ఆ ప్రాతిపదికనే చూపుచున్నవి. పొగను జూచి నిప్పు నూహించుట కల్పన యగునా? పైగా నిట్టి రూపములకు ముందు నక్షత్రచిహ్నము నుంచి, ఇవి యనుమానసిద్ధములని శాస్త్రజ్ఞులే చాటుచున్నారు. గ్రంథస్థము కానిదెల్ల అసత్యమనువారు, జనుల నోట నేటికిని నిలిచియున్న ‘గ్వెన్’ను వినవలెను. జీవద్భాషను అపభ్రంశమని త్రోసివేయుట, సాక్షిని వెడలగొట్టి తీర్పు చెప్పుటయే.