సముద్రతరణం పాతిత్యం కాదు, అసత్యమే పాతిత్యం



గత మాఘమాసంలో మా నిర్మల్‌లో జరిగిన ఒక సంఘటన ఈ వ్యాసానికి హేతువు. అమెరికాలో ఉన్నతవిద్య అభ్యసిస్తున్న ఒక యువకుడు తన తండ్రి ప్రథమాబ్దికానికి సెలవు పెట్టుకొని వచ్చినాడు. తండ్రి దేహం చాలించిన రోజున అతడు రాలేకపోయినాడు. తమ్ముడే కర్మ నిర్వహించినాడు. కనీసం ఆబ్దికమైనా స్వహస్తంతో చేయవలెనని అతని ఆర్తి. స్నానం చేసి, పవిత్రం ధరించి, పీటపై కూర్చున్నాడు. అప్పుడు అక్కడికి వచ్చిన ఒక పెద్దాయన, శాస్త్రం చదివినవారే, అందరూ వినునట్లు ఇట్లా అన్నారు: "సముద్రం దాటినవానికి పితృకర్మాధికారం ఎక్కడిది? ప్రాయశ్చిత్తం చేసుకొన్నా కలియుగంలో అట్టివానిని సంగ్రహించరాదు గదా!"

ఆ బాలుడు బదులు పలుకలేదు. వ్రేలి పవిత్రాన్ని తీసి పళ్లెంలో పెట్టినాడు.

నేను ఆ పవిత్రాన్ని తిరిగి అతని వ్రేలికి తొడిగించి కర్మ పూర్తి చేయించినాను. పెద్దాయన "ప్రమాణమేది?" అని ప్రశ్నించి వెళ్లిపోయినారు. ప్రశ్న న్యాయమైనదే. ఇది దానికి సమాధానం. ఇరువది సంవత్సరాల క్రితం నేనూ ఒక విద్యార్థి తల్లితో ఇదే మాట అన్నవాణ్ణి. కనుక ఇది పరదూషణ మాత్రమే కాదు, ఆత్మశోధన కూడా.

పూర్వపక్షం

ప్రతిపక్షాన్ని తక్కువచేసి చెప్పి ఖండించుట పండితలక్షణం కాదు. వారి వాదానికి ఆధారం ఉన్నది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో పరిగణించినది. కలివర్జ్య ప్రకరణాలు, నౌకాయానం చేసిన ద్విజుని శుద్ధి చేసినప్పటికీ సంగ్రహించరాదన్నాయి. నిర్ణయసింధువు వంటి నిబంధన గ్రంథాలు ఆ విషయాన్ని గ్రహించినాయి. ఇవి లేవని నేను అనను.

సిద్ధాంతం

మొదటి మాట. అదే బౌధాయనుడు దాక్షిణాత్యుల ఆచారాలను, ఔత్తరాహుల ఆచారాలను వేరువేరుగా చెప్పినప్పుడు సముద్రయానాన్ని ఉత్తరదేశపు ఆచారాలలో ఒకటిగా పేర్కొన్నాడు. ఆ దేశంలో అది వ్యవహారం, అన్యత్ర చేస్తే దోషం అన్నాడు. అనగా దేశాన్ని అనుసరించి ధర్మనిర్ణయం మారుతుందని సూత్రకారునికి తెలుసు.

రెండవ మాట. కలివర్జ్యాలను అక్షరశః పాటించవలెనంటే సన్న్యాసం సంగతి ఏమిటి? కలిలో వర్జింపవలసిన వాటిలో సన్న్యాసం కూడా చెప్పబడినది. అయినప్పటికీ ఆదిశంకరుల పరంపరలోని యతీశ్వరులకు మనం సాష్టాంగపడుతున్నాం, అది యుక్తమే. వేదాధ్యయనం, వర్ణవ్యవస్థ నిలిచి ఉన్నంతకాలం సన్న్యాసం చెల్లునని నిబంధనకారులు ప్రతిప్రసవం చూపినారు. ఒక నిషేధానికి ప్రతిప్రసవం వెదకి, మరొక నిషేధాన్ని మాత్రం బాలుని తలపై గొడ్డలివలె ఎత్తుట మీమాంస కాదు, పక్షపాతం.

మూడవ మాట. నిషేధానికి దృష్టప్రయోజనం ఏమిటి? నెలల తరబడి ఓడలో సంధ్య, స్నానం, ఆహారనియమం, అగ్ని అన్నీ లోపిస్తాయన్నదే. లోపించేది నిత్యకర్మ, ఉప్పునీరు కాదు. నేడు శంషాబాదులో ఎక్కినవాడు మరునాటికల్లా అవతలి తీరంలో దిగుతున్నాడు. అక్కడ నిత్యకర్మను విడిచినవాడు దోషి. ఇక్కడ గోదావరి ఒడ్డున ఉండి విడిచినవాడూ అంతే దోషి. మన వీధులలో సంధ్యావందనం చేసే గృహాలెన్నో లెక్కించి, ఆ తరువాత అమెరికా విద్యార్థిని ప్రశ్నించవలెను.

నాల్గవ మాట. మన పూర్వులు సముద్రాన్ని చూసి భయపడినవారు కారు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, సముద్రవర్తకులకు రక్షణ ప్రకటించినాడు. ఆ చక్రవర్తి పరమమాహేశ్వరుడు. ఆయనను పతితుడన్నవాడు లేడు.

ఐదవ మాట చెప్పుటకు నాకే సిగ్గుగా ఉన్నది. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుండి దశాబ్దాలుగా వేలాదిమంది సముద్రం దాటి దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ దేశాలకు కూలికై వెళ్తున్నారు. వారు పంపిన ద్రవ్యంతో మన ఆలయాలకు ధ్వజస్తంభాలు లేచినాయి, కల్యాణోత్సవాలు జరిగినాయి. ఆ చందా పుస్తకం వ్రాసేటప్పుడు ఎవరూ కలివర్జ్యాన్ని తెరచి చూడలేదు. ద్రవ్యానికి లేని దోషం ద్రవ్యం పంపినవానికి ఎట్లా వచ్చినది?

కాఠిన్యం చేసిన అనర్థం

ఈ కాఠిన్యం వలన గతంలో ఏమి జరిగినదో స్మరించుకొందాం. శ్రీనివాస రామానుజన్ 1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కి కేంబ్రిడ్జికి వెళ్లినారు. నామగిరి తాయారు అనుజ్ఞ లభించినదన్న విశ్వాసంతోనే ఆ కుటుంబం ఆయనను పంపినది. అక్కడ ఆయన స్వయంపాకం చేసుకొన్నారు, శాకాహారవ్రతం విడువలేదు. ప్రపంచయుద్ధకాలంలో కూరగాయలే దుర్లభమైనప్పుడు, ఒంటరితనంలో, ఆరోగ్యం క్షీణించినది. స్వదేశానికి వచ్చి 1920 ఏప్రిల్ 26న ముప్పదిరెండవ ఏట దేహం విడిచినారు. సముద్రం దాటినాడని, ప్రాయశ్చిత్తం జరుగలేదని బంధువులలో పలువురు అంత్యక్రియలకు రాలేదని చరిత్రకారులు వ్రాసినారు. పరదేశంలో ఆచారాన్ని ప్రాణంతో సమానంగా కాపాడుకొన్న వానిని స్వదేశంలో ఆచారం పేరిట విడిచిపెట్టినాం. ఎవరు ధర్మభ్రష్టులో పాఠకులే నిర్ణయించవలెను.

మహాత్మాగాంధీ 1888లో లండనుకు బయలుదేరినప్పుడు వారి కులపెద్దలు ఆయనను వెలివేసినారు. ఆ తల్లి మాత్రం వెలివేయలేదు. మద్యం, మాంసం, పరస్త్రీ, ఈ మూడింటిని ముట్టనని కుమారునిచేత ప్రతిజ్ఞ చేయించి పంపినది. ఆ ప్రతిజ్ఞయే అక్కడ ఆయనను కాపాడినది. అంతేకాదు, భగవద్గీతను ఆయన మొట్టమొదట పఠించినది లండనులోనే! తిరిగి వచ్చిన తరువాత అన్నగారు ఆయనను నాసికకు తీసుకువెళ్లి పుణ్యనదిలో స్నానం చేయించినారు. ఆ నది మన గోదావరియే. అక్కడి నీరే మన బాసరకు వస్తున్నది. ఆ తల్లివలె ప్రతిజ్ఞ ఇచ్చి పంపుదామా, ఆ కులపెద్దలవలె వెలివేద్దామా? ఇదే ప్రశ్న.

దోషం ఎక్కడ ఉన్నది?

అట్లయితే విద్యార్థుల విదేశగమనంలో దోషమే లేదా? ఉన్నది. అది సముద్రంలో లేదు. మన గృహాలలో ఉన్నది. ఇప్పుడు తల్లిదండ్రులను ఉద్దేశించి చెప్పవలసి వచ్చినది.

2023–24 విద్యాసంవత్సరంలో అమెరికాలో నమోదైన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది; అన్ని దేశాలలో ప్రథమస్థానం మనదే. వారిలో తెలుగువారు బహుసంఖ్యాకులు. వీసా కొరకు చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, ఫలిస్తే నూట ఎనిమిది. స్వామిని అడుగుటలో తప్పు లేదు. ఆర్తుడు కూడా భక్తుడే. పాస్‌పోర్టును పాదాల వద్ద ఉంచి అర్చన చేయుమని నా వద్దకూ వస్తారు, నేనూ చేస్తాను. కానీ ఆ పాస్‌పోర్టు వెంట ఉన్న కాగితాలు ఏమిటి? ఇంటర్వ్యూ కొరకు అప్పు తెచ్చి కొద్దిరోజులు బ్యాంకులో చూపిన ధనం. చేయని ఉద్యోగానికి అనుభవపత్రం. చదువబోని చదువుకు ప్రవేశపత్రం. దళారి చెప్పినాడు, తండ్రి సంతకం చేసినాడు, తల్లి హారతి ఇచ్చినది. సత్యనారాయణుని ముందు అసత్యాన్ని నివేదించినాం.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని స్మరించండి. గురుకులానికి వెళ్లుటకు గోత్రం కావలెను. నేటి భాషలో అది అతని ప్రవేశపత్రం. తల్లి జబాల ఏదో ఒక గోత్రం కల్పించి చెప్పవచ్చు; ఎవరు విచారిస్తారు? ఆమె అట్లా చేయలేదు. యౌవనంలో అనేక గృహాలలో పరిచర్య చేసినందున నీ గోత్రం నాకు తెలియదు, సత్యకామ జాబాలుడనని చెప్పుమని పంపినది. బాలుడు అదే చెప్పినాడు. సత్యం నుండి తొలగలేదన్న ఒక్క కారణంతో గౌతముడు ఉపనయనం చేసినాడు. ప్రవేశం కోల్పోయినా సరే, అసత్యంతో పంపనన్న తల్లి ఆమె. మనమో, సత్యం కోల్పోయినా సరే, ప్రవేశం కావలెనంటున్నాం.

ఫలితం కూడా చూసినాం. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టన్ అన్న పేరుతో అక్కడి ప్రభుత్వాధికారులే నడిపిన ఒక నకిలీ విశ్వవిద్యాలయం వ్యవహారంలో 130 మందిని నిర్బంధించినారు. వారిలో 129 మంది భారతీయులు, అనేకులు తెలుగు బిడ్డలు. అట్టి వల పన్నుట ధర్మమా అన్న చర్చ వేరు. తరగతులే లేని విద్యాలయంలో విద్యార్థినని చెప్పుకొనుట బ్రహ్మచర్యాశ్రమమా? అన్న ప్రశ్న మనది.

ఇంకొక అసత్యం ఉన్నది. ఇది మరింత సూక్ష్మం, మరింత క్రూరం. పొలం తాకట్టుపెట్టి పంపినాం కనుక బిడ్డ అక్కడ సుఖంగా ఉన్నాడని వినవలెనని మన కోరిక. ఫోనులో మనం మొదట అడిగేది ఉద్యోగం సంగతి, రెండవది అప్పు సంగతి. వాడు "అంతా బాగున్నది నాన్నా" అంటాడు. ఆ బాలుడు ఆబ్దికం ముగిసిన తరువాత నాతో చెప్పినాడు: తండ్రి బ్రతికి ఉన్నప్పుడు చేసిన చివరి ఫోనులో కూడా ఆ మాటే అన్నాడట. అప్పటికి రెండు నెలలుగా రాత్రులు ఒక దుకాణంలో నియమవిరుద్ధంగా పనిచేస్తూ, ఒకపూట తింటూ, పరీక్ష తప్పి ఉన్నాడు. "తండ్రితో చివరిసారి అబద్ధమే మాట్లాడినాను పంతులుగారూ, దానికి ప్రాయశ్చిత్తమేది?" అని అడిగినాడు. సముద్రం దాటినందుకు ప్రాయశ్చిత్తం అడుగలేదు. ఏది పాపమో ఆ బాలునికి మన పండితులకన్న స్పష్టంగా తెలిసినది.

వెళ్లినవారికి

ఇప్పుడు విదేశంలో ఉన్న విద్యార్థులారా, మీకు నాలుగు మాటలు.

మొదటిది సంకల్పం. సంకల్పమంటే నేను ఎక్కడ, ఏ కాలంలో ఉన్నానో సత్యంగా చెప్పుకొనుట. మేము నిర్మల్‌లో గోదావరికి ఉత్తరతీరమని చెప్పుకొంటాం. సోన్ వంతెన దాటి నిజామాబాదు వైపు వెళ్లగానే ఆ మాట మారిపోతుంది. వంతెన దాటితే ధర్మం పోలేదు, సంకల్పంలోని పదం మారినది. అమెరికాలోని మన దేవాలయాలలో పలుచోట్ల అర్చకులు జంబూద్వీపానికి మారుగా క్రౌంచద్వీపమని, భరతవర్షానికి మారుగా రమణకవర్షమని పలుకుతున్నారు. మీరున్న నేలను పేరుతో పిలవండి. అక్కడి సూర్యోదయాన్ని బట్టి సంధ్య, ఆ నగరానికి గణించిన పంచాంగాన్ని బట్టి తిథి. హైదరాబాదు గడియారాన్ని పట్టుకొని అక్కడ ఏకాదశి చేయవద్దు. తరగతుల మధ్య సమయం చాలకపోతే అర్ఘ్యం, దశగాయత్రి అయినా విడువవద్దు.

రెండవది ఆహారం. కురుదేశంలో క్షామం వచ్చినప్పుడు ఉషస్తి చాక్రాయణుడు ఏనుగుల కాపరి తింటున్న ఉలవలను యాచించి తిన్నాడు. ఎంగిలినీరు ఇస్తే మాత్రం వద్దన్నాడు. ఉలవలు తినకపోతే ప్రాణం నిలువదు, నీరు మాత్రం ఎక్కడైనా లభిస్తుందన్నాడు. ఆపద్ధర్మానికి హద్దు ఎక్కడో ఉపనిషత్తు చూపిన తీరు ఇది. గత్యంతరం లేనిచోట చేసినదానికి కుమిలిపోవద్దు. గత్యంతరం ఉన్నచోట ఆపద్ధర్మం పేరు చెప్పవద్దు.

మూడవది ఆ దేశపు నియమం. కచుడు విద్యకై అసురుల పురానికి వెళ్లినాడు. అక్కడ శుక్రాచార్యుని నియమాలకు లోబడి బ్రహ్మచర్యం పాటించినాడు. అసురులు మూడుసార్లు చంపినా గురుద్రోహం చేయలేదు. చదువు సాగుతున్న రోజులలో ఆవరణలోనే, వారానికి ఇరువది గంటలకు మించక పనిచేయవలెనని అక్కడి చట్టం అంటే, అదే మీకు గురుకులనియమం. అది మీరితే ఆదాయం కలుగవచ్చు; భయం కూడా కలుగుతుంది. భయంలో విద్య నిలువదు.

నాల్గవది ఆతిథ్యం. క్రొత్తగా దిగిన విద్యార్థిని విమానాశ్రయం నుండి తీసుకువచ్చి, ఇల్లు దొరికేవరకు తమ గదిలో చోటిచ్చి, అన్నం పెట్టే సీనియర్లు అక్కడ ఎందరో ఉన్నారని విన్నాను. ఎవరూ యజ్ఞమని పేరు పెట్టకపోయినా అది మనుష్యయజ్ఞమే. ఆ గదిలో ఒకడు మౌనంగా ఉన్నాడంటే, తినుట మానినాడంటే, అడగండి. వాని ఇంటికి మీరే ఫోను చేయండి.

ఉపసంహారం

పండితులకు నా ప్రార్థన: తిరిగి వచ్చిన బిడ్డకు ముందు తీర్థం ఇవ్వండి, ప్రశ్న తరువాత. తల్లిదండ్రులకు: ఫోనులో మొదట "తిన్నావా" అని అడగండి. ఓడిపోయి తిరిగివస్తే ఇంటి తలుపు తెరిచే ఉంటుందని వెళ్లకముందే చెప్పండి. సత్యం చెప్పుటకు బిడ్డకు చోటు ఇవ్వని ఇల్లు, ఎన్ని ప్రదక్షిణలు చేసినా, జబాల ఇల్లు కాలేదు.

ఆ బాలుని ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం ఇది: "తండ్రికి చెప్పలేని సత్యం తల్లికి చెప్పు. ఈ రాత్రికే చెప్పు. అదే ప్రాయశ్చిత్తం." అతడు చెప్పినాడు. ఆ తల్లి మరునాడు ఆలయానికి వచ్చి, తాకట్టులో ఉన్న రెండెకరాలు పోతే పోనిమ్మని, కుమారుని పేరున అర్చన చేయుమన్నది. గోత్రం, నక్షత్రం చెప్పి, "ఇప్పుడు వాడున్న ఊరి పేరు కూడా సంకల్పంలో చేర్చండి" అన్నది. చేర్చినాను.

స్వస్తి.