మెట్ట రైతు మాట యంత్రానికి అర్థం కావాలి

మిరప ఆకు పైకి ముడుచుకుంటే పైముడత. అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత. అది నల్లి వల్ల వచ్చేది. రెంటికీ మందులు వేరు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో మిరప వేసే రైతులకు ఇది తెలిసిన సంగతే. మరి రైతు సెల్‌ఫోనులో అడిగిన మాటను యంత్రం తప్పుగా వింటే? ‘పై’ అన్నది ‘కింది’ అనుకుంటే? మందు మారుతుంది. డబ్బూ పోతుంది, తోటా పోతుంది.

మాట విని జవాబు చెప్పే యంత్రాలు ఇప్పటికే వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల కోసం 2022 జులైలో ‘భాషిణి’ని ప్రారంభించింది. పి.ఎం. కిసాన్ సొమ్ము గురించి అడిగే రైతులకు బదులు చెప్పేందుకు 2023లో ‘కిసాన్ ఇ-మిత్ర’ వచ్చింది. చదువు రానివారికీ, చూపు తగ్గిన పెద్దవారికీ ఇవి మేలు చేసేవే. అయితే అవి నేర్చుకునే తెలుగు ఎవరిదన్నదే ప్రశ్న.

యంత్రానికి మాట నేర్పడం ఒక్క శాస్త్రంతో అయ్యే పని కాదు. 1956 సెప్టెంబరు 11న అమెరికాలోని ఎం.ఐ.టి.లో జరిగిన సదస్సులో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్, భాషా శాస్త్రజ్ఞుడు నోమ్ చోమ్‌స్కీ, కంప్యూటరు చేత తర్కం చేయించిన న్యూవెల్, సైమన్‌లు తమ పరిశోధనలు వినిపించారు. ఈ శాస్త్రాలు కలిసి నడవాలన్న ఆలోచనకు ఆ రోజే పుట్టినరోజని మిల్లర్ తరువాతి కాలంలో రాశారు.

మాట కట్టుబడి ఎలా వుంటుందో భాషాశాస్త్రం చెబుతుంది. ట్రాక్టరు మోతలో సగమే వినపడినా పక్క రైతు మిగతా సగం ఎలా పోల్చుకుంటాడో మనస్తత్వశాస్త్రం చెబుతుంది. దానిని లెక్కల్లోకి మార్చి యంత్రం చేత చేయించేది కంప్యూటరు శాస్త్రం. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ఏళ్ల తరబడి తెలుగుపై ఇటువంటి పరిశోధన సాగుతున్నది.

ఎంత పరిశోధన జరిగినా, యంత్రం తాను విన్న గొంతుల నుంచే నేర్చుకుంటుంది. వార్తల తెలుగే వింటే దానికి వార్తల తెలుగే వస్తుంది. ఈ మెట్ట ప్రాంతం మాట వేరు. ఒక పక్క తెలంగాణ సరిహద్దు. కృష్ణ దాటితే పల్నాడు. కోదాడ, మధిరలతో బేరాలూ బంధుత్వాలూ వున్నాయి. మాటా అలాగే కలిసిపోయింది. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారినా మాట మారలేదు.

రైతు నోటి మాటను శాస్త్రజ్ఞులు సేకరించడం కొత్త కాదు. ఒకచోట నాగలి అన్నదాన్నే మరోచోట మడక అంటారు. ఇటువంటి సేద్యపు మాటలను ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా సేకరింపజేశారు. ఆ వ్యవసాయ పదకోశాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది. ఆనాడు పుస్తకం కోసం జరిగిన పని ఈనాడు యంత్రం కోసం జరగాలి.

అందుకు జగ్గయ్యపేట మండలం గరికపాడులోనే కృషి విజ్ఞాన కేంద్రం వుంది. పరిశోధకులు అక్కడికి వచ్చి రైతుల, కూలి పనికి వెళ్ళే స్త్రీల, వృద్ధుల గొంతులు రికార్డు చేసుకోవాలి. ఎందుకు చేస్తున్నారో ముందే చెప్పి, వారి సమ్మతి తీసుకోవాలి. భాషిణి వారి ‘భాషాదానం’లో ఎవరైనా తమ గొంతు ఇవ్వవచ్చు. చదువుకున్న యువకులు ఇంట్లో పెద్దల చేత మాట్లాడించాలి.

అంతవరకూ, యంత్రం చెప్పిన మందును నమ్మి పిచికారీ చేసే ముందు, ఆకు తుంచి వ్యవసాయాధికారికి చూపడం క్షేమం. మాట అర్థం కానప్పుడు “తెలియలేదు, మళ్ళీ చెప్పండి” అనడం కూడా యంత్రానికి నేర్పాలి. తప్పు సలహా ఇచ్చిన యంత్రానికి పోయేదేమీ లేదు. పంట పోయేది రైతుకే.