ప్యానెల్ బిగించి వచ్చేస్తే సరిపోదు



సెలవుల్లో ఇంజినీరింగ్ విద్యార్థులు గిరిజన గూడేలకూ, పట్టణ శివారు బస్తీలకూ వెళ్లి స్వయంగా సోలార్ ప్యానెళ్లు బిగిస్తున్నారన్న వార్తలు ఈమధ్య తరచుగా చదువుతున్నాను. చాలా సంతోషం. నేను పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పినవాణ్ణి. నల్లబల్ల మీద గీసిన సర్క్యూట్ ఒక పేదింట్లో దీపమై వెలిగినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే మార్పు నాకు తెలుసు. వారి ఉత్సాహాన్ని మాత్రం మనం పనిలో అతి చిన్న భాగానికే వాడుకుంటున్నాం. ఆ విషయం చెప్పాలనే ఈ ఉత్తరం.

గూడెంలో ఒక ఇంటికి పెట్టే యూనిట్ అంటే ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ, ఒక ఛార్జ్ కంట్రోలర్, మూడు నాలుగు ఎల్‌ఈడీ బల్బులు. పని తెలిసిన ఇద్దరు పూటలో బిగించేస్తారు. ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. బ్యాటరీ అలా కాదు. ఇప్పటికీ చాలాచోట్ల కనిపించే లెడ్ యాసిడ్ రకమైతే కొన్ని నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి, టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడి గీకి గ్రీజు రాయాలి. ఇవన్నీ చేస్తే నాలుగైదేళ్లు వస్తుంది, చేయకపోతే రెండు వానాకాలాలు దాటడం కష్టం. మన్యంలో ఆషాఢ శ్రావణాలంటే రోజుల తరబడి మబ్బు. బ్యాటరీ సగం కూడా నిండదు, కంట్రోలర్ తన ధర్మం ప్రకారం లైట్లు ఆపేస్తుంది. అది చెడిపోయిందనుకుని ఇంటివాళ్లు దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేస్తారు. ఇక బ్యాటరీ అడుగంటా ఖాళీ అయి, లోపలి ప్లేట్లు పాడైపోతాయి. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మా జిల్లాలో కొండ మీది ఒక ఊళ్లో ఇదంతా కళ్లారా చూశాను. ఇంటింటి కప్పు మీదా ప్యానెల్ ఉంది. లోపల బ్యాటరీలు మూలన పడి ఉన్నాయి, రాత్రి వెలుగు మాత్రం పొయ్యి మంటా, టార్చిలైటూ. ఎవరు పెట్టారని అడిగితే, "పట్నం పిల్లలు బాబూ, మంచి పిల్లలు" అంది ఒక అవ్వ. ఆ మంచి పిల్లల ఫోను నంబరు ఆ ఊళ్లో ఒక్కరి దగ్గరా లేదు.

ఇది చిన్న ప్రయత్నాలకే జరిగేది కాదు. బీహార్‌లోని ధర్నాయి గ్రామంలో 2014లో ఎంతో పేరున్న సంస్థలు కలిసి 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టాయి. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. కొన్నేళ్లకు బ్యాటరీలు అయిపోయాయి, మార్చేవాళ్లు లేరు. ఈలోగా మామూలు కరెంటు లైను కూడా రావడంతో ఆ కేంద్రం మూలపడింది. పెట్టుబడి ఉంది, నిపుణులు ఉన్నారు, పదేళ్ల పాటు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు మాత్రం లేకపోయింది.

రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ ఈ పనిని మరో దారిలో నడిపింది. చదువు లేని పల్లె ఆడవాళ్లను, చాలామంది అమ్మమ్మలనే, ఎంచుకుని ఆరు నెలలు కూర్చోబెట్టి సోలార్ పరికరాల తయారీ, మరమ్మతు నేర్పుతుంది. ఊరి కమిటీ ఇంటింటా నెలకు కొంత వసూలు చేసి, అలా నేర్చుకుని వచ్చిన ఆమెకు జీతమిస్తుంది. ఊళ్లో దీపం ఆరితే వెళ్లి తలుపు తట్టడానికి ఒక ఇల్లుంటుంది. మన విద్యార్థులు వదిలిరావలసింది అలాంటి మనిషిని.

మన దగ్గర సాధనాలు లేకపోలేదు. 1969లో గాంధీజీ శతజయంతి సందర్భంగా మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ఉంది. ఒక్కో వలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది, ఊరిని దత్తత తీసుకోమని పథకమే చెబుతుంది. ఆ గంటలను బిగింపుతో ముగించకుండా నిర్వహణకూ లెక్క కట్టాలని నా విన్నపం. ఒక కాలేజీ నాలుగైదు గూడేలను కనీసం ఐదేళ్లకు తీసుకోవాలి. ప్రతి యూనిట్‌కూ ఒక రిజిస్టరు పెట్టాలి. ఎప్పుడు నీళ్లు పోశారు, వోల్టేజీ ఎంత ఉంది, ఏం చెడింది అన్నవి అందులో రాయాలి. మూడో సంవత్సరం వాళ్లు రెండో సంవత్సరం వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి రిజిస్టరు అప్పగించాలి. ఊళ్లో ఇద్దరికి, వారిలో ఒకరైనా స్త్రీ అయ్యేలా, మల్టీమీటరు పట్టడం నేర్పాలి. కొత్త ప్యానెళ్లకు విరాళాలు అడిగే ముందు పాడైపడి ఉన్న పాతవాటిని బాగుచేయాలి. పరీక్షలు, ప్లేస్‌మెంట్లు ఉన్న పిల్లలు ఐదేళ్లు ఎలా వస్తారని కొందరు అడగవచ్చు. పిల్లలు మారతారు, డిపార్ట్‌మెంటు మారదు. మాట ఇవ్వవలసింది కాలేజీ.

బస్తీల సంగతి వేరు. అక్కడ కరెంటు ఉంది, కాగితాలు లేవు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద డాబా సోలార్‌కు రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లయితే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. దానికి సొంత పైకప్పు ఉండాలి, కరెంటు కనెక్షన్ ఉండాలి. మీటరు ఇంకా పోయిన తాత పేరు మీదే ఉంటుంది. ఇంటి పట్టా అన్నదమ్ముల మధ్య తేలి ఉండదు. మిగిలిన సొమ్ముకు బ్యాంకు అప్పు కావాలి, మేనేజరు ముందు కూర్చుని మాట్లాడే ధైర్యం ఆ ఇల్లాలికి ఉండదు. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఆఫీసులో పేరు మార్పిడి చేయించి, పోర్టల్‌లో దరఖాస్తు నింపి, డాబా మీద ఏ వేళ ఎక్కడ నీడ పడుతుందో కొలిచి ఇవ్వగల విద్యార్థి ఆ ఇంటికి చేసే మేలు నిచ్చెన ఎక్కడం కంటే ఎక్కువ. ఫొటోకు పనికిరాదు గనుక ఈ పని ఎవరూ చేయడం లేదు.

నిచ్చెన ఎక్కడం గురించి ఒక మాట. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో కరెంటు పుడుతూనే ఉంటుంది. వరుసగా కలిపిన డాబా ప్యానెళ్లలో అది వందల వోల్టుల డీసీ, ప్రాణాంతకం. అమెరికాలో గ్రిడ్ ఆల్టర్నేటివ్స్ అనే సంస్థ కూడా కాలేజీ విద్యార్థుల చేత పేదల ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టిస్తుంది, అనుభవమున్న ఇన్‌స్టాలర్ల పర్యవేక్షణలో. ఇక్కడా అనుభవమున్న ఎలక్ట్రీషియన్ పక్కన ఉండాలి, అతనికి కూలి కట్టివ్వాలి. విద్యార్థుల ఉచిత శ్రమ స్థానిక పనివాడి పొట్ట కొట్టకూడదు.

విశ్వవిద్యాలయాల ఎన్‌ఎస్‌ఎస్ సమన్వయకర్తలు ఈ ఏడాది ప్రత్యేక శిబిరాల ప్రణాళిక వేసే ముందు ఈ సూచనలను పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఏ కాలేజీ అయినా ముందుకొస్తే మా కొండ ఊళ్లలో మూలపడిన యూనిట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెంట ఉండి చూపిస్తాను, మొదటి వారం శిక్షణ కూడా నేనే ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఎలక్ట్రికల్ అధ్యాపకుడు,
పార్వతీపురం