మొర్రి చెట్టు మీద ఎలుగుబంటికీ వాటా ఉంది



పోయిన వానాకాలం మా గూడెానికి మొక్కల బండి వచ్చింది. దించి చూస్తే టేకు, కానుగ, గుల్‌మొహర్. గుల్‌మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు. మా అడవిలో వేల ఏండ్లుగా ఉన్న మొర్రి మొక్క మాత్రం బండి మొత్తంల ఒక్కటి లేదు. ఎందుకు లేదని అడిగితే "లిస్టులో లేదు" అన్నరు.

మొర్రి అంటే తెలియని పట్నం మిత్రులకు ఒక మాట. మీరు పాయసంలో, మిఠాయిల మీద చల్లుకునే సారపప్పు ఈ చెట్టు గింజలోదే. మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన చెట్టు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగా పండుతది. పండ్లు నానేసి, గుజ్జు పిసికి తీసేసి, గింజలు ఎండబెట్టి, ఇసుర్రాయిల పోసి పెంకు పగలగొడితే పప్పు వస్తది. చేతులు కాయలు కాస్తయి. కొట్లో ఆ పప్పు కిలో వెయ్యి రూపాయలు దాటి అమ్ముడుపోతది. ఏరినోళ్ల చేతికి ఎంత వస్తదో సంతకు పోయే ప్రతి అక్కకు తెలుసు. ఒకప్పుడు ఉప్పుకు మార్చుకున్నరని మా అవ్వ చెప్పేది.

నేను రాయాలనుకున్నది ధర గురించి కాదు. ఈ చెట్టు మనకొక్కరికే కాయదు. ఎలుగుబంటి, కొండముచ్చు, పిగిలిపిట్ట, చిలుక అన్నీ దీని మీదికే వస్తయి. ఎండాకాలం అడవిల తిండి దొరకని రోజుల్లో ఎలుగుబంటికి ఇప్పపువ్వు, మొర్రి, తునికి పండ్లే ఆధారం. తిన్న గింజలను అది ఎక్కడెక్కడో విడిచిపెడుతది. అడవి అట్లనే పెరిగింది. గుంతలు తీసి ఎవరూ పెంచలేదు.

రెండేండ్ల కింద మా పక్క గూడెంల ఒక కాక పొద్దుగాల అడవి అంచుకు పోయి ఎలుగుబంటి చేతుల పడ్డడు. ముఖం నిండా కుట్లు. ఇయ్యాల్టికీ ఒక కన్ను సరిగ్గ కనపడదు. అందరం ఎలుగుబంటిని తిట్టినం. అది మన ఇండ్ల దాకా ఎందుకు వచ్చిందని మాత్రం ఎవరం అడగలే. పైన గుట్ట మీద మిశ్రమ అడవి కొట్టేసి టేకు పెట్టినరు. టేకు కింద ఏం తింటది అది?

ఇక్కడ మన తప్పు కూడా చెప్పాలె. నేనూ చేసిన తప్పే. డిగ్రీ మొదటి ఏడాది సెలవుల్లో వచ్చి, వేరేవాళ్లు ముందు కోసుకపోతరని పచ్చికాయలు దూసిన. అందని కొమ్మలను గొడ్డలితో నరికిన. మా అవ్వ ఆ రోజు నాతో మాట్లాడలేదు. మా పెద్దలు పండినంకనే ఏరేటోళ్లు. పై కొమ్మలు ముట్టేటోళ్లు కాదు, అవి పిట్టల వాటా. పచ్చికాయల పప్పు నిండదు, ధర రాదు, ఆ గింజ మొలవదు. నరికిన కొమ్మ మళ్లీ కాపుకు రావాలంటే ఏండ్లు పడుతది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద నిప్పు పెడుతం చూడండి, ఆ మంటకు కాలిపోయేది ఆ ఏడు మొలిచిన చిన్న మొర్రి మొక్కలే. నిప్పు పెట్టకుండ ఊడ్చుకుంటే ఏం పోయింది?

పెంచడం కష్టం కాదు గని ఓపిక కావాలె. బాగ పండి రాలిన పండ్లే తీసుకోండి. గుజ్జు కడిగి, గింజలను నీడల ఆరబెట్టండి. ఏడాది దాచిన గింజను నమ్మొద్దు. పెంకు గట్టిది, లోపలి పప్పు నలగకుండ కొద్దిగ పగిలేటట్టు చేస్తే తొందరగ మొలుస్తది. తొలకరి పడంగనే నేరుగా భూమిలనే పెట్టండి. దీని తల్లివేరు లోతుకు దిగుతది, పొట్టి నర్సరీ కవర్ల చుట్టుకపోతది, తర్వాత నాటితే చాలావరకు చచ్చిపోతయి. ముండ్లకంప చుట్టూ పెట్టి మేకల నుంచి కాపాడాలె.

లిస్టు మార్చే హక్కు మనకు లేదా అంటరేమో. ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు ఇచ్చింది, సామూహిక అడవిని కాపాడుకునే, మళ్లీ పెంచుకునే హక్కు కూడా ఇచ్చింది. ఐదో సెక్షన్ వన్యప్రాణులను, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మనం ఆ చట్టాన్ని పోడు పట్టాల కోసమే చదివినం. పట్టా మన బతుకు, దాన్ని వదలమని నేనెందుకు చెప్త? కానీ మిగతా సెక్షన్లూ మనవే.

మొక్కల బండి వచ్చినంక లొల్లి చేస్తే లాభం లేదు. ఇప్పుడే గ్రామసభ పెట్టి, మొర్రి, ఇప్ప, తునికి, నేరేడు పేర్లతో తీర్మానం రాయించి, ఒక కాపీ మన దగ్గర ఉంచుకోవాలె. పచ్చికాయ కోయొద్దు, కొమ్మ నరకొద్దు అనేది కూడా అదే కాగితం మీద ఉండాలె. మనకు వర్తించని తీర్మానం పట్టుకొని ఆఫీసు మెట్లు ఎక్కితే మనకే సిగ్గు.

ఈ ఎండాకాలం నేను రెండు పైలీల గింజలు పప్పు తియ్యకుండ పక్కకు పెట్టిన. మా అమ్మ అమ్మితే ఎంత వచ్చేదో లెక్క చెప్పి మరీ తిట్టింది. దగ్గరి గూడేలవాళ్లు వానలు పడకముందే వచ్చి తీసుకపోండి.