ఇల్లే తొలి శిక్షణాలయం

శిశువిద్యకు గురువులు శిక్షణ కళాశాలలలోనే కాదు, ఇండ్లలోనూ తయారవుతారు. గిడుగువారి ఇల్లు ఇందుకు నిదర్శనం. 1863లో శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో జన్మించి, విజయనగరంలో చదివిన రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. ఉభయభాషలు తెలిసిన ఒకరిని ఇంటనే నిలుపుకొని సవరభాష నేర్చారు. ఆ భాషలో వాచకాలు వ్రాసి, సొంత సొమ్ముతో సవరలకు బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, ఆ సొమ్ముతో వారికొక మంచి బడి పెట్టవలసినదని కోరారు. ఇది చూస్తూ పెరిగిన కుమారులు సీతాపతిగారు సవరభాషాకృషిని కొనసాగించారు.

నేడు మనమో, చిన్న తరగతుల పంతులును చిన్న ఉద్యోగిగా చూస్తున్నాము. బిడ్డ పలుకు తాను నేర్చి, పిదప బిడ్డకు అక్షరం నేర్పడం చిన్న పని కాదు. “పంతులు ఉద్యోగమేనా!” అన్న మాట ఇంట వింటూ పెరిగిన విద్యార్థి పసిపిల్లల బడివైపు తిరిగి చూస్తాడా? తల్లిదండ్రులు ఆలోచింతురుగాక.